రంగం నుంచి నాచారం దాకా



మీ ఇంట్లో బియ్యం డబ్బా ఎప్పుడు నింపుతారు? అడుగంటే ముందు కదూ! మా పక్కింటి మామ్మగారు మాత్రం డబ్బా సగం కాకుండానే నింపేస్తారు. వంటింట్లో ఒక డబ్బా, మంచం కింద ఒకటి, పాత ట్రంకు పెట్టెలో గుడ్డసంచీలో కట్టి మరి కాసిని బియ్యం. పురుగు పట్టినా పారెయ్యనివ్వరు, ఎండబోసి మళ్ళీ పోసుకుంటారు. మంచినీళ్ళు కాచి చల్లార్చనిదే గొంతు దిగనివ్వరు. కొడుకు విసుక్కుంటాడు. కోడలు పిట్టగోడ మీదుగా నాతో చెప్పుకుని నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని సుమండీ! పెద్దతనపు చాదస్తం అనుకున్నాను.

వాళ్ళు 2007లో మా నాచారం వచ్చారు. కొడుక్కి పారిశ్రామికవాడలో ఉద్యోగం. నేనప్పటికి కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని. మామ్మగారికి ఎప్పుడూ ఏదో ఒక బాధ. గుండెదడ అంటారు, చేతులు తిమ్మిరంటారు, నడుమంటారు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. కోడలికి తీరనప్పుడు నేనే తోడు వెళ్ళి డాక్టరుకి చూపించాను. ఎన్నో పరీక్షలు చేశారు. “అన్నీ బాగానే ఉన్నాయి, వయసు మీద పడింది, అంతే” అన్నారు. ఆటోలో తిరిగి వస్తూంటే మామ్మగారు తలవంచుకుని, “నాను అబద్ధమాడతన్నాననుకుంటన్నారు గావోలు” అన్నారు. నేను జవాబు చెప్పలేదు. లోలోపల నేనూ అలాగే అనుకుంటున్నాను మరి. ఆ మాట ఈనాటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

ఆమె బాధ అబద్ధం కాదనీ, దాని వెనక డెబ్బై ఏళ్ళు పైబడిన చరిత్ర ఉందనీ తెలియడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ చరిత్రే ఈ రోజు మీతో ముచ్చటిస్తాను.

శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళ నోట ‘రంగం’ అనే మాట మీరు వినే ఉంటారు. రంగం అంటే బర్మా దేశపు రంగూన్ పట్టణం. “పొలం లేదు, పంట లేదు, రంగం పోయి నాలుగు రాళ్ళు తెచ్చుకుందాం” అని కళింగపట్నంలోనో, భీమునిపట్నంలోనో, కాకినాడలోనో ఓడ ఎక్కేవారు. బర్మావాళ్ళు మనవాళ్ళని ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరే మొత్తం తెలుగువాళ్ళకి పేరైపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. దేశం మొత్తంమీద తెలుగువాళ్ళు సుమారు లక్షన్నర. రేవులో బస్తాలు మోసినవాళ్ళు, బియ్యపు మరల్లో పనిచేసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు ఎక్కువమంది మనవాళ్ళే. మామ్మగారి తాతగారు బియ్యపు మరలో, తండ్రి రేవులో పనిచేశారు.

ఆ బతుకేమీ పూలపాన్పు కాదు. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి పనిలోకి వెళ్ళేసరికి, కొత్తగా దొరికిన పని చేజారిన బర్మా కూలీలకూ వీళ్ళకూ కొట్లాట మొదలైంది. కొద్ది రోజుల్లోనే వందమందికి పైగా చనిపోయారు, చాలామంది తెలుగువాళ్ళే. 1937లో బర్మా ఇండియా నుంచి వేరు పడింది. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. అయినా మనవాళ్ళు అక్కడే ఉన్నారు. ఊళ్ళో తిండి లేకపోతే ఏం చేస్తారు చెప్పండి!

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. క్రిస్మస్ నాడు మళ్ళీ వేశాయి. 1942 మార్చి 8కి పట్టణం జపానువాళ్ళ వశమైంది. ఓడల్లో చోటు కొద్దిమందికే దొరికింది. మిగిలినవాళ్ళు కాలినడకన బయల్దేరారు. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు మణిపూరు మీదుగా దిమాపూరుకి, మరికొందరు ఉత్తరాన దట్టమైన అడవుల్లోంచి అస్సాముకి నడిచారు. అలా నాలుగైదు లక్షలమంది ఇండియా చేరారు. తెల్లవాళ్ళకి మంచి దారి, నల్లవాళ్ళకి ముళ్ళదారి ఇచ్చారన్న ఆరోపణ ఆనాడే వచ్చింది. దారిలో కలరా, మలేరియా, జిగట విరేచనాలు, మశూచి, వీటన్నిటికీ తోడు ఆకలి. పోయినవాళ్ళు కనీసం పదివేలంటారు, యాభై వేలకు పైనే అన్న అంచనాలూ ఉన్నాయి. ఈ నడక గురించి హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1975లో రాస్తూ దాన్ని మరచిపోయిన మహాయాత్ర అన్నాడు. మరచిపోయింది మనమే. ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళకి ఇక్కడైనా శాంతి ఉందా? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. చేరిన ఒడ్డున కూడా పరుగే!

మామ్మగారి తండ్రి తన అన్నతో కలిసి అరకాను దారిన నడిచారు. దారిలో వాగునీళ్ళు తాగిన మరునాడే అన్నగారు కలరాతో పోయారు. గొయ్యి తవ్వే ఓపిక లేక ఆకులు కప్పి ముందుకు సాగారట. ఆ సంగతి ఆయన జన్మలో ఒకే ఒక్కసారి చెప్పారు. ఇంట్లో మాత్రం నీళ్ళు కాచనిదే ఎవరినీ తాగనిచ్చేవారు కారు. మామ్మగారు పుట్టకముందు జరిగిన ఆ సంఘటన, చూడండి, నాచారంలో గ్యాసుపొయ్యి మీద ఇప్పటికీ ఉడుకుతూనే ఉంది!

యుద్ధం అయ్యాక, ఊళ్ళో సెంటు భూమి లేక, ఆయన మళ్ళీ రంగం వెళ్ళారు. మామ్మగారు అక్కడే 1948లో, బర్మాకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టారు. బడిలో బర్మా భాష, ఇంట్లో సిక్కోలు తెలుగు. 1962లో నే విన్ అనే సైన్యాధిపతి అధికారం చేజిక్కించుకున్నాడు. బ్యాంకులు, తరవాత అంగళ్ళు జాతీయం చేశారు. 1964 మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. చాట్ అంటే బర్మా రూపాయి అనుకోండి. ఆ తరవాత కొద్ది ఏళ్ళలో మూడు లక్షల దాకా భారతీయులు బర్మా విడిచారు. డబ్బు, నగలు వెంట తీసుకుపోవడానికి గట్టి ఆంక్షలు. 1965లో మామ్మగారు తల్లిదండ్రులతో విశాఖ రేవులో దిగారు. ఆమెకి పదిహేడేళ్ళు. ‘మన దేశం’ అని ఆమె చేరింది అంతవరకూ ఎన్నడూ చూడని దేశానికి.

విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. మద్రాసులో బర్మా బజారు అలాగే పుట్టింది. బర్మా, సింహళాల నుంచి తిరిగి వచ్చినవాళ్ళకి అప్పులిచ్చి నిలబెట్టడానికి కేంద్ర ప్రభుత్వం 1969లో రెప్కో అనే సహకార బ్యాంకు కూడా పెట్టింది. అంటే కూడు, గూడు, అప్పు అనే మూడింటి గురించి అధికారులు ఆలోచించారు. మంచిదే. మనసు సంగతి మాత్రం ఏ ఫారంలోనూ లేదు. కుళాయి దగ్గర తెలుగు మాటలో బర్మా యాస దొర్లితే ఆడవాళ్ళు నవ్వేవారట. అక్కడ ‘కోరంగీ’ అన్నారు, ఇక్కడ ‘బర్మావాళ్ళు’ అన్నారు. తండ్రి రేవులో కూలికి వెళ్ళి, సాయంత్రం సముద్రం కేసి చూస్తూ కూర్చునేవారు. రానురాను మాట తగ్గింది, తిండి తగ్గింది. నాలుగేళ్ళకే పోయారు. “ఏ రోగవూ లేదన్నారమ్మా డాకటేర్లు” అంటారు మామ్మగారు.

ఇవన్నీ ఆమె నాకు చెప్పింది 2016 తరవాతే. ఆ నవంబరు 8 రాత్రి టీవీలో అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని చెప్పారు, గుర్తుందిగా! మనందరం పోపులడబ్బాలు వెతుక్కున్నాం, కంగారు పడ్డాం, కొంచెం నవ్వుకున్నాం కూడా. గంట తరవాత పక్కింటి కోడలు పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మామ్మగారు నేలమీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళంతా చెమట. ఒడిలో గుడ్డసంచీ, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. కుట్టుపని చేసి కూడబెట్టిన పదకొండు వేలు అందులో ఉన్నాయి. నా మొహంలోకి చూసి అడిగారు: “ఓడెప్పుడమ్మా?”

నాకు అర్థం కాలేదు. పలవరిస్తున్నారనుకున్నాను. ఆస్పత్రికి తీసుకువెళితే రక్తపోటు బాగా పెరిగిందన్నారు. వారంలో నోట్లు మారాయి, పైసా పోలేదు. కాని ఆమె నిద్ర మూడు నెలలు తిరిగి రాలేదు. అప్పుడు, ఒక మధ్యాహ్నం, నేను మొదటిసారి సరైన ప్రశ్న వేశాను. “ఏ ఓడ మామ్మగారూ?” అన్నాను. సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నారు.

నేను మెట్రిక్ దగ్గర ఆగిపోయినదాన్ని, డాక్టరుని కాను. రేడియోలో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా నలుగురినీ అడిగి, నాలుగు పుస్తకాలు చూసి నేర్చుకుంటూంటాను. నేను తెలుసుకున్నది ఇదీ. ఎదురుగా పులి కనబడితే మన ఒంట్లో కొన్ని రసాలు ఊరుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. పరుగెత్తడానికి ఒళ్ళు అలా సిద్ధమవుతుంది. పులి వెళ్ళిపోతే అన్నీ సర్దుకోవాలి. కాందిశీకుల విషయంలో పులి వెళ్ళదు. ఇల్లెక్కడ? కాగితాలేవీ? రేపు ఇక్కడ ఉండనిస్తారా? ఏళ్ళ తరబడి ఒళ్ళు పరుగుకి సిద్ధంగానే ఉండిపోతుంది. నిద్ర చెడుతుంది, జీర్ణం చెడుతుంది, రక్తపోటూ గుండెజబ్బూ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పడం రానివాళ్ళకి, ముఖ్యంగా మన ఆడవాళ్ళకి, ఆ దిగులు నడుంనొప్పిగానో తలపోటుగానో బయటపడుతుంది. ఆ నొప్పి నిజమైన నొప్పే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. 1688లోనే హోఫర్ అనే స్విట్జర్లాండు వైద్య విద్యార్థి, పరదేశాల్లో కొలువు చేసే తన దేశపువాళ్ళు ఇంటిమీద బెంగతో చిక్కి శల్యం కావడం గమనించి, దాన్నొక జబ్బుగా రాసి పేరు పెట్టాడు. మన పెద్దవాళ్ళు ‘బెంగపెట్టుకుని మంచం పట్టింది’ అంటే అది వట్టి మాట కాదన్నమాట! ఇటీవలి లెక్క కూడా చెబుతాను. యుద్ధాలూ సంఘర్షణలూ జరిగిన ప్రాంతాల్లో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. 2024 చివరికి ప్రపంచంలో ఇల్లు విడిచి పారిపోయినవాళ్ళు పన్నెండు కోట్లకు పైనే. ఆ లెక్కన ఎందరికి నిద్ర ఉండదో ఆలోచించండి.

మా నాచారానికి దగ్గర్లో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉప్పల్ నుంచి తార్నాక వెళ్ళే బస్సులో నేను ఎన్నోసార్లు దాని ముందునుంచి వెళ్ళాను. దాని పుట్టుక గురించి చదివాక ఆ గేటు చూస్తే మామ్మగారే గుర్తొస్తున్నారు. ఆ సంస్థ 1918లో నీలగిరి కొండల్లో, కూనూరులో, మెక్‌కారిసన్ అనే డాక్టరు చేతుల మీదుగా బెరిబెరి జబ్బుపై పరిశోధనకి చిన్నగా మొదలైంది. 1958లో హైదరాబాదుకి మారింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. బెరిబెరిలో కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒళ్ళు వాస్తుంది, గుండె నీరసిస్తుంది. ఏ పురుగువల్ల వస్తోందా అని డాక్టర్లు చాలాకాలం వెతికారు. 1890లలో జావాలో అయిక్‌మాన్ అనే డచ్చి డాక్టరు, తెల్లగా పాలిషు పట్టిన బియ్యం తిన్న కోళ్ళకి కాళ్ళు పడిపోవడం గమనించాడు. తవుడులో ఉండే ఒక పదార్థం లేకపోవడమే కారణమని తరవాత తేలింది. అదే బి1 విటమిను. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఈ జబ్బు అంతగా కనబడలేదు. మర పట్టిన పచ్చిబియ్యం తినే మన సర్కారు జిల్లాల్లో కనబడింది. ఏ జిల్లాలనుంచి జనం రంగం ఓడ ఎక్కారో, ఆ జిల్లాల్లోనే!

ఒంట్లోకి ఏదో దూరడం వల్లే కాదు, ఏదో లేకపోవడం వల్ల కూడా జబ్బు వస్తుందని బెరిబెరి నేర్పింది. కాందిశీకుల జబ్బు కూడా ఇలాంటిదే అని నాకనిపిస్తుంది. రక్తపరీక్షలో ఎలా కనబడుతుంది చెప్పండి? లేనిదల్లా తన పేరు పెట్టి పిలిచే వీధి, తన యాసకి నవ్వని కుళాయి, పోయినవాళ్ళ గురించి కూర్చుని ఏడవడానికి తీరిక, రేపు కూడా ఇక్కడే ఉంటామన్న నమ్మకం. గోళీలు వద్దనడం లేదు సుమండీ! మామ్మగారు రక్తపోటు మాత్ర రోజూ వేసుకుంటారు, వేసుకోవాలి. కాని తవుడు తీసేసిన అన్నం పెడుతూ, కాళ్ళకి తైలం రాస్తే ఏం లాభం?

ఈ లోటు ఒక తరంతో పోదు. 1944-45 చలికాలంలో హాలండులో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్ళకి, పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయని అక్కడి డాక్టర్లు గమనించారు. అన్నంతో పాటు భయం కూడా పిల్లలకి అందుతుంది. మామ్మగారి మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. హాస్టలుకి వెళుతూ ఆ పిల్ల పెట్టెలో నాలుగు కిలోల బియ్యం పెట్టుకుంది! ఎందుకే అంటే, “ఏమో పిన్నీ, ఉంటే మంచిది కదా” అంది.

అయితే మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. నేను ఆదివారం మధ్యాహ్నాలు పక్కింటికి వెళుతున్నాను. ఒకసారి మామ్మగారు, తన తల్లి రంగంలో వండే మొహింగా చేసి పెట్టారు. చేపల పులుసులో శనగపిండి కలిపి, అరటిదూట ముక్కలు వేసి, సన్నని బియ్యపు సేమ్యాలమీద పోస్తారు. కోడలికి ఆ వంట ఉందనే తెలియదు. “మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదత్తయ్యా?” అంటే, “ఎవులడిగినారని?” అన్నారు. ఆ రాత్రి ఆమె నిద్రపోయారని కోడలు చెప్పింది. అన్ని రాత్రులూ కాదు. బియ్యం డబ్బాలు ఇప్పటికీ మూడే. వాటిని చూసి మేము నవ్వడం మాత్రం మానేశాం.

దిగులు మరీ ఎక్కువై, తిండీ నిద్రా మానేసి, బతకాలని లేదనే మాట వస్తే, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. అందులో నామోషీ ఏమీ లేదు. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2020 మార్చిలో అన్నీ మూతపడ్డాక, మా ఉప్పల్ చౌరస్తాలోంచి వరంగల్ రోడ్డు పట్టుకుని మూటలతో, పిల్లలతో జనం నడిచి వెళ్ళారు. నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచీ, బీహారు నుంచీ వచ్చినవాళ్ళు. వాళ్ళు కాందిశీకులు కారు, పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. కాని రంగం వెళ్ళిన తాతగారూ అలా వెళ్ళినవారేగా! టీవీలో వాళ్ళ పాదాలు చూసి మామ్మగారు ట్రంకు పెట్టె తెరిచారు. ఆ బియ్యం, ఎవరినీ ముట్టుకోనివ్వని బియ్యం, తానే వండించి పొట్లాలు కట్టించారు. కాచి చల్లార్చిన నీళ్ళు సీసాల్లో పోయించారు. “నీళ్ళు మట్టుకు జాగ్రత్తగా తాగమని సెప్పండి బాబూ” అని కొడుకుతో పదిసార్లు చెప్పి పంపారు.

ఆ బర్మా దేశం నుంచే వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఈనాడు మన హైదరాబాదులోనే, బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్నాయి. మీ మేడమీద వాటాలోకి ఏ ఒడిశా పిల్లో కొత్తగా దిగి ఉండవచ్చు. మీ అత్తగారి ఊరే రేపు ఏ ప్రాజెక్టు కిందనో మునగవచ్చు. అలాంటి మనిషి “గుండెదడగా ఉందమ్మా” అంటే, పరీక్షలు చేయించండి, మందులిప్పించండి. ఆ తరవాత ఒక పీట వేసి కూర్చోబెట్టి, మీదే ఊరమ్మా, అక్కడ ఏం వండుకునేవారు అని అడగండి. నాకు ఆ ప్రశ్న అడగడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మీరు అంత ఆలస్యం చెయ్యకండి.

సెలవు.